మాయా మతం: పోపోల్ వూహ్ మీద నిలబడ్డ పేజీని పక్కన పెట్టాలా, వాడుకోవచ్చా?

శిలాక్షరం

తెలుగులో మాయా నాగరికత మీద వ్యాసాలు, వీడియోలు ఈమధ్య బాగా పెరిగాయి. మతం దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకే అచ్చు: కవల వీరులు పాతాళంలో బంతాట ఆడతారు, దేవతలు మొక్కజొన్న పిండితో మనుషుల్ని చేస్తారు, ఆ వెంటనే నరబలి. కింద "ఆధారం: పోపోల్ వూహ్, లాండా" అని ఉంటుంది. దీనికి తికాల్ గుడి ఫొటో ఒకటి.

నా వాదన సూటిగా చెప్తాను. తికాల్, పలెంకే, కోపాన్ లాంటి మాయా నగరాలు వెలిగింది క్లాసిక్ కాలంలో, సుమారు క్రీ.శ. 250–900. కిచె మాయా జనం పురాణగాథల పుస్తకం పోపోల్ వూహ్ రాసింది 1550లలో, గ్వాటెమాలా కొండప్రాంతంలో, కిచె భాషలో, లాటిన్ అక్షరాలతో. ఆ ప్రతి కూడా మనకు దక్కలేదు. 1700 తర్వాత ఒకటి రెండేళ్లకు చిచికస్తెనాంగోలో హిమేనెస్ అనే డొమినికన్ పాద్రీ ఎత్తిరాసుకున్నదే ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో ఉంది. రాసినవాళ్ళే మొదట్లో "ఇప్పుడు క్రైస్తవం నడుస్తుండగా రాస్తున్నాం" అని చెప్పుకున్నారు. ఇక లాండా మెక్సికోలోని యుకతాన్‌లో ఫ్రాన్సిస్కన్ పాద్రీ, 1562 జులైలో మానీ ఊళ్ళో మాయా పుస్తకాలు తగలబెట్టించినవాడు. ఆ ఏడాది విచారణల్లో జనాన్ని వేలాడదీసి హింసించి రాబట్టిన వాంగ్మూలాలున్నాయి. యుకతాన్ విశేషాల మీద తన పుస్తకం 'రెలాసియోన్' రాసింది ఆ తర్వాత, స్పెయిన్‌లో ఆరోపణలకు జవాబు చెప్పుకుంటున్న రోజుల్లో.

ఏడెనిమిది వందల ఏళ్ళ ఎడం, వేరే భాష, వేరే ప్రాంతం. మెకంజీ కైఫీయతులో, అంటే ఎన్నో శతాబ్దాల తర్వాత రాయించిన ఊరి చరిత్రలో, ఉంది కదా అని ఒక మాటను శాతవాహనుల నెత్తిన పెడితే ఒప్పుకుంటామా? క్లాసిక్ మతానికి ఈ రెండింటినీ ఆధారంగా చూపే పేజీ ఏదైనా సరే, పక్కన పెట్టేయాలి.

కంకి

కైఫీయతుల్ని ఎవరూ పారేయలేదు కదండీ. శాసనంతో సరిపోయిన ముక్క తీసుకుంటారు, పోనిది వదిలేస్తారు. ఇక్కడా అంతే.

లాండాని మొత్తంగా తోసేస్తే అసలు లిపే చదవలేకపోయేవాళ్ళం. ఆయన రాసిపెట్టిన "అక్షరమాల" తప్పే. కానీ అది విడి ధ్వనుల అక్షరాల పట్టిక కాదు, క, కు లాంటి పలుకుల పట్టిక అని పట్టుకుని 1952లో సోవియట్ పండితుడు క్నోరోజోవ్ దారి తెరిచాడు. పుస్తకాలు కాల్చినవాడి రాతే తాళంచెవి అయింది.

పోపోల్ వూహ్ సంగతికి వస్తే, బోస్టన్ మ్యూజియంలో ఉన్న ఒక పళ్ళెం చూడండి. కెర్ ఫొటోల జాబితాలో దాని నంబరు కె1892. పగిలిన తాబేలు చిప్పలోంచి మొక్కజొన్న దేవుడు పైకి లేస్తున్నాడు, అటూ ఇటూ ఇద్దరు కొడుకులు, పక్కనే వాళ్ళ పేర్లు రాసి ఉన్నాయి: హూన్ అహావ్, యష్ బలమ్. పోపోల్ వూహ్ కవల వీరులైన హునహ్పూ, ష్బలాంకేల కథకి ఇది క్లాసిక్ కాలపు రూపం. అంటే కథ 1550ల్లో పుట్టలేదు.

అయితే ఒక మెలిక ఉంది. "పోపోల్ వూహ్ ప్రకారం హూన్ హునహ్పూ మొక్కజొన్న దేవుడు" అని చాలా పేజీలు రాస్తాయి. హూన్ హునహ్పూ ఆ కవలల తండ్రి; పోపోల్ వూహ్ ఆయన్ని మొక్కజొన్న దేవుడని ఎక్కడా అనదు. 1985లో కార్ల్ టాబే కుండల మీది బొమ్మల్ని పరిశీలించి కట్టిన లంకె అది. ఈ తేడా చెప్పిన పేజీ అసలు పుస్తకం చూసినట్టు, చెప్పనిది ఇంకో పేజీని చూసి రాసినట్టు. నేను పేజీని జల్లెడ పట్టేది ఇలాంటి చోటే. కాలం ఎడం ఒక్కటే చూసి పారేయడం బద్ధకం.

కుండపెంకు

ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. కె1892 ఎక్కడ తవ్వితే దొరికింది? తెలియదు. ఆ జాబితాలోని కుండల్లో చాలా భాగం దొంగ తవ్వకాల్లో బయటికొచ్చి, చేతులు మారి సేకరణల్లో చేరినవి. జస్టిన్ కెర్ చేసింది గొప్ప పని: కుండని తిప్పుతూ చుట్టూ ఉన్న బొమ్మను ఒకే పట్టీగా ఫొటో తీశాడు. దాంతో నెట్‌లో మాయా మతం అంటే ఆ పట్టీలే అయిపోయాయి. పట్టీలో రెండు సంగతులు కనబడవు: కుండ ఏ సమాధిలో ఉందో, ఎక్కడెక్కడ మళ్ళీ రంగు వేశారో. ముక్కలు అతికించి అమ్మేటప్పుడు అతుకుల మీద కొత్త గీతలు గీసేవాళ్ళు. ఆ గీత ఒక ముఖం మీదో అక్షరం మీదో పడితే దేవుడే మారిపోతాడు.

కాబట్టి బొమ్మ చూపించే పేజీలో మొదట వెతకాల్సింది కె నంబరు లేదా మ్యూజియం నంబరు. తర్వాత తవ్వకంలో దొరికిందా లేదా. ఆ తర్వాతే అర్థం. గ్వాటెమాలాలోని పెతేన్ అడవిలో సాన్ బార్తోలో కుడ్యచిత్రాలు 2001లో బయటపడ్డాయి, క్రీ.పూ. 100 ప్రాంతానివి. అవి గోడ మీదే ఉన్నాయి, కింద పొరలున్నాయి, కాలం కొలిచారు. మొక్కజొన్న దేవుడు అక్కడా ఉన్నాడు. క్లాసిక్‌కి ముందే ఈ దేవుడున్నాడని చెప్పడానికి పళ్ళెం కంటే ఈ గోడ పదిరెట్లు గట్టి సాక్ష్యం.

మామూలు చదువరి

మీరు చెప్పేవి నిపుణులకి బాగుంటాయి. ఇంటర్ పిల్లాడు ప్రాజెక్టు రాయాలంటే ఇవన్నీ చూస్తాడా? సులువైన సూత్రం చాలదా: విశ్వవిద్యాలయం సైటూ మ్యూజియం సైటూ అయితే తీసుకో, బ్లాగు అయితే వదిలెయ్, కొత్తది అయితే ఇంకా మంచిది.

శిలాక్షరం

ఆ సూత్రం ఈ రంగంలోనే బోల్తా కొడుతుంది. గ్వాటెమాలాలోని పాత మాయా నగరం ఎల్ మిరదోర్‌లో 2009లో ఒక సున్నపు శిల్పఫలకం దొరికింది. నీళ్ళలో ఈదుతున్నట్టు ఇద్దరు మనుషులు. "పోపోల్ వూహ్ కవలలు, రెండు వేల ఏళ్ళ నాటివి" అని వార్తా సంస్థలన్నీ రాశాయి. కాదు, అది నీటికీ వానకీ చెందిన దృశ్యం అని జేమ్స్ డాయిల్, స్టీఫెన్ హ్యూస్టన్ 2012లో గీతల్ని ఒక్కొక్కటిగా పోల్చి చూపించారు. ఎక్కడ? మాయా లిపి పండితుడు డేవిడ్ స్టువర్ట్ నడిపే 'మాయా డిసైఫర్‌మెంట్' అనే బ్లాగులో. మీ సూత్రం ప్రకారం వార్త నిలబడుతుంది, బ్లాగు పోతుంది.

"కొత్తది" అన్నదీ అంతే. పేజీ నిన్న పెట్టి ఉండొచ్చు, సరుకు 1940ల నాటిది కావొచ్చు. సరుకు వయసు పట్టుకోవడానికి పేర్లు చూడండి. తికాల్ రాజుని "స్టార్మీ స్కై" అని మాత్రమే రాస్తే పాత పుస్తకం కాపీ. ఇప్పుడు సిహ్యాహ్ చాన్ కావీల్ అని చదువుతున్నారు. కోపాన్ రాజు "18 రాబిట్" కూడా అలాంటిదే, అసలు పేరు వషక్లహూన్ ఉబాహ్ కావీల్. మారుపేరుగా మ్యూజియాలు ఇంకా వాడతాయి కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి, పక్కన అసలు పేరుందా చూడండి. మాయా చరిత్రని "ఓల్డ్ ఎంపైర్, న్యూ ఎంపైర్" అని విడగొట్టిన పాత లెక్క కనబడితే మాత్రం ఇక చదవనక్కర్లేదు. "మాయన్లు యుద్ధాలెరుగని శాంతి పురోహితులు, శాసనాల్లో నక్షత్రాలే తప్ప చరిత్ర లేదు" అన్నదీ అంతే. బోనంపాక్ గోడల మీది యుద్ధ చిత్రాలు 1946లో బయటపడ్డాయి. పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా ఊళ్ళోని శిలల మీది తేదీలు రాజుల పుట్టుక, పట్టాభిషేకాలవని పరిశోధకురాలు ప్రొస్కురియాకోఫ్ 1960లో తేల్చింది. అప్పటికే పోయిన వాదం అది.

పంచాంగం

తేదీల పరీక్ష ఇంకా సులువు, ఇంటర్ పిల్లాడు కాగితం మీద చేసుకోవచ్చు.

పలెంకే రాజు పకాల్ పట్టాభిషేకం తేదీ 9.9.2.4.8, 5 లమత్ 1 మోల్. మొదటి ఐదంకెలు లాంగ్ కౌంట్, అంటే లెక్క మొదలైన రోజు నుంచి గడిచిన రోజులు; 5 లమత్ అంటే 13 అంకెలు, 20 పేర్లు జంటగా తిరిగే లెక్కలో రోజు; 1 మోల్ నెల తేదీ. స్థానాల విలువలు వరసగా 1,44,000, 7,200, 360, 20, 1. గుణించి కూడితే 13,61,608 రోజులు. దాన్ని 13తో భాగిస్తే శేషం 1. లెక్క మొదలైన రోజు 4 అహావ్ కాబట్టి 4కి 1 కలిపితే 5. మొత్తం 13 దాటితే 13 తీసేయాలి. రోజు పేరు ఇంకా తేలిక: చివరి స్థానంలో సున్నా ఉంటే అహావ్, 8 ఉంటే దాని తర్వాత ఎనిమిదోది, లమత్. 5 లమత్ సరిపోయింది. చివర సున్నా వేసి పక్కన "లమత్" అని రాసిన పోస్టరు కనబడితే గీసినవాడికి లెక్క రాదని అర్థం.

ఇదే పట్టాభిషేకానికి నెట్‌లో క్రీ.శ. 615 జులై 24, 26, 27, 29 అని నాలుగు తారీఖులు దొరుకుతాయి. కంగారు పడకండి, నాలుగూ ఒకే మాయా రోజుకి చెప్పినవి. మన క్యాలెండర్‌కి మార్చడానికి కలిపే అంకె కొందరు 584283 అంటారు, కొందరు 584285. పైగా కొందరు జూలియన్‌లో ఇస్తారు, కొందరు గ్రెగోరియన్‌లో. ఆ శతాబ్దంలో తేడా మూడు రోజులు. మొదటి అంకెకి 24, 27. రెండోదానికి 26, 29. తికాల్ చెక్క దూలానికి చేసి 2013లో ప్రచురించిన కార్బన్ పరీక్ష ఈ అంకెల కుటుంబాన్నే బలపరిచింది, కానీ రెండు రోజుల తగువు తీర్చడం కార్బన్ వల్ల కాదు. ఏ అంకె వాడారో చెప్పని పేజీలోంచి తారీఖు తీసుకోకండి, లాంగ్ కౌంట్ మాత్రమే తీసుకోండి.

"మీ మాయా రాశి" చెప్పే సైట్లకి ఒక్క ప్రశ్న చాలు: 2012 డిసెంబర్ 21 వేసి చూడండి. 584283 లెక్కతో 4 అహావ్ రావాలి, 584285 అయితే అది 23కి వస్తుంది. రాకపోతే అది చాలావరకు 'డ్రీమ్‌స్పెల్', హోసే అర్గ్యుయెస్ తయారుచేసిన ఆధునిక పద్ధతి. ఫిబ్రవరి 29ని లెక్కలోంచి వదిలేస్తుంది. గ్వాటెమాలాలో కిచె అహ్‌కీహ్‌లు, అంటే రోజులు లెక్కించే పురోహితులు, నేటికీ నడిపే లెక్కలో రోజు వదలడం ఉండదు.

రాగిరేకు

మయసభ కట్టిన మయుడికీ వీళ్ళకీ సంబంధం గురించి ఎవరూ మాట్లాడరేం? సున్నా ఇద్దరికీ ఉంది, గుళ్ళు ఇద్దరికీ ఉన్నాయి.

కుండపెంకు

రాగిరేకు గారూ, పేరు కలిసిందని, గుడి కలిసిందని చెప్పేది ఆధారం కాదు. క్లాసిక్ మాయా ఊళ్ళలో ఇనుము లేదు, బండి లాగే పశువు లేదు, అసలైన కమాను లేదు. రాళ్ళని మెట్లుగా ముందుకు జరిపి పైకప్పు మూసేవాళ్ళు. అక్కడ దొరికిన ఒక్క వస్తువుతో వాదం పెడితే విడిగా చర్చిద్దాం.

మామూలు చదువరి

సరే, ఒక నమూనా పెడతాను, సరిదిద్దండి. చాలా వీడియోల్లో వచ్చే మాటలు ఇవి: "మాయన్ల సూర్యశిల క్యాలెండర్ 2012లో లోకాంతం అని చెప్పింది. చిచెన్ ఇట్సా బావిలో కన్యల్ని బలిచ్చేవారు. లాండా 27 పుస్తకాలు కాల్చానని రాసుకున్నాడు."

కంకి

సూర్యశిల అజ్‌టెక్‌లది, మెక్సికో నగరం నడిబొడ్డున 1790లో తవ్వి తీశారు. ఆ బొమ్మ మాయా పేజీలో కనబడితే మిగతాదీ అనుమానించండి. 2012 తేదీ మెక్సికోలోని తోర్తుగేరో అనే మాయా ఊళ్ళో 6వ శిల మీద నిజంగానే ఉంది, కానీ అక్కడున్నది బోలోన్ యోక్తే అనే దేవుడి ప్రస్తావన, ప్రళయం లేదు. శిల కొంత చెదిరిపోయింది కూడా. పలెంకే శాసనాల గుడిలో క్రీ.శ. 4772కి చేరే లెక్క ఉంది. లోకం 2012లో ముగుస్తుందనుకునేవాళ్ళు అది చెక్కరు.

లాండా తన పుస్తకంలో అంకె చెప్పలేదు. "చాలా పుస్తకాలు దొరికాయి, అన్నీ కాల్చేశాం, వాళ్ళు చాలా బాధపడ్డారు" అన్నంతే. 27 అని లాండా నోట పెట్టే పేజీ లాండాని చూడలేదు.

ఇక కన్యలు. 2024 జూన్‌లో 'నేచర్' పత్రికలో పురాతన డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. చిచెన్ ఇట్సాలో ఒక గుంటలో దొరికినవాళ్ళలో పరీక్షించిన 64 మంది పిల్లలూ మగపిల్లలే, ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్ళ లోపు. కనీసం నాలుగో వంతుకి అదే గుంటలో దగ్గరి బంధువులున్నారు, రెండు జతలు ఒకే పోలిక కవలలు. కన్యల కథ అక్కడితో చెల్లు.

కుండపెంకు

చెల్లు అనడానికి తొందరపడకండి. ఆ 64 మందీ పవిత్ర బావిలోంచి తీసినవాళ్ళు కాదు. బావికి దగ్గర్లో 1967లో దొరికిన చుల్తూన్‌లోంచి, అంటే నేలలో తొలిచిన నిల్వ గుంటలోంచి. అందులో వంద మందికి పైగా ఉన్నారు, పరీక్షించింది 64. బావిలోంచి 20వ శతాబ్దం మొదట్లో తీసిన ఎముకల్లో మగ, ఆడ, పిల్లలు అందరూ ఉన్నారు. వార్తలు రెంటినీ కలిపేశాయి. "ఈ గుంటలో మగపిల్లలే" అన్నదే నిలబడే వాక్యం. కవలల్ని చూసి వెంటనే పోపోల్ వూహ్ వీరులు అనడం పరిశోధకుల వ్యాఖ్య, డీఎన్ఏ చెప్పిన సంగతి కాదు. పేజీ ఈ రెంటినీ విడదీసిందా చూడండి.

శిలాక్షరం

ఇదే నా భయం. మళ్ళీ పోపోల్ వూహ్ వచ్చి కూర్చుంది. ఆ పిల్లలు 7 నుంచి 12వ శతాబ్దం వాళ్ళు, యుకతాన్‌లో. కిచె పుస్తకం లేకపోతే ఆ రెండు జతలకి ఎవరూ ఆ అర్థం చెప్పేవాళ్ళు కాదు.

కంకి

చెప్పకపోవచ్చు. కానీ కె1892 మీద ఆ ఇద్దరి పేర్లూ క్లాసిక్ చేతిరాతలోనే ఉన్నాయి. అవి కిచె పుస్తకం నుంచి రాలేదు.

మామూలు చదువరి

మరి ఆ పళ్ళెం ఫొటో ప్రాజెక్టులో పెట్టొచ్చా?

కుండపెంకు

పెట్టండి. కింద మ్యూజియం పేరు, కె1892, "తవ్విన చోటు తెలియదు" అని రాయండి. పక్కనే సాన్ బార్తోలో గోడ బొమ్మ పెట్టి దాని కాలం ఇవ్వండి. పోపోల్ వూహ్ పేరు ఎత్తితే 1550లు, కిచె అని అదే వాక్యంలో ఉండాలి.

శిలాక్షరం

ఆ ఆఖరి వాక్యం లేకుండా పెడితే నేను ఒప్పుకోను. ఉన్నా, శీర్షికలో "కవల వీరులు" అని రాయొద్దు; పళ్ళెం మీదున్న పేర్లు రాయండి: హూన్ అహావ్, యష్ బలమ్.