కునియోషి యోధుల చిత్రాలపై మారుపేర్లు ఎందుకు?

ప్రశ్న:
జపాన్ చిత్రకారుడు ఉతగావా కునియోషి 1847–48లో చెక్క అచ్చులతో వెలువరించిన 47 మంది రోనిన్ల (ప్రభువును కోల్పోయిన సమురాయ్ యోధుల) చిత్రమాలను పరిశీలిస్తున్నాను. వారి నాయకుడి అసలు పేరు ఓయిషి కాగా, చిత్రం మీద ఓబోషి అని ఉంది. నిజంగా జీవించిన యోధులకు మారుపేర్లు ఎందుకు పెట్టవలసి వచ్చిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ప్రభుత్వ ఆంక్షలే అందుకు కారణమండీ. తోకుగావా షోగునుల (సైనిక పాలకుల) పాలనలో సమీప కాలపు సమురాయ్‌ల గురించి ముద్రణలో నేరుగా ప్రస్తావించడం నిషిద్ధం. పదహారో శతాబ్దపు పాలకుడు తోయోతోమి హిదెయోషిని చిత్రించినందుకు 1804లో ఉతమారో అంతటి కళాకారుడికే సంకెళ్లు పడ్డాయి. అందుకే తమ ప్రభువు మరణానికి ఈ 47 మంది 1703లో పగ తీర్చుకున్న గాథను నాటకరంగం కూడా పద్నాలుగో శతాబ్దానికి జరిపి, పాత్రల పేర్లు మార్చి ప్రదర్శించింది. ఓబోషి అన్నది ఆ రంగస్థలం పేరే. ఎదో (నేటి టోక్యో) నగర ప్రేక్షకులకు అది ఎవరో చెప్పనక్కరలేదు.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక చేర్పు. కునియోషికి పేరు తెచ్చిన 1827 నాటి చిత్రమాల చైనా నవలలోని 108 మంది వీరులది కావడంతో ఈ చిక్కు లేకపోయింది. ఆ వీరుల ఒంటినిండా ఆయన వేసిన పచ్చబొట్లు ఎదోలో పచ్చబొట్ల మోజును బాగా పెంచాయి. నా దృష్టిలో ఆయన ప్రతిభ ఈ స్వేచ్ఛలోనే పూర్తిగా వికసించింది.

మూడవ సమాధానం:
చెక్కినవారిని కూడా తలచుకోవాలి. చిత్రకారుడి గీతను చెర్రీ పలకపై బోర్లా అతికించి చెక్కడంతో మూలచిత్రం నశించేది. ముఖాన్నీ, వెంట్రుక వెంట్రుకనూ తీర్చే పని ఆరితేరిన చేతులకే అప్పగించేవారు.