గీషా వాడలు నిలబడాలంటే షోలు పెంచితే సరిపోదా?

ప్రశ్న:
ఏప్రిల్లో క్యోటో వెళ్ళినప్పుడు గియోన్ కోబు అనే గీషాల (ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణుల) వాడలో మియాకో ఒదోరి అనే నాట్య ప్రదర్శన చూశాను. టికెట్ కొనుక్కున్న ఎవరైనా చూడొచ్చు, కళ్ళు తిరిగిపోయాయి. మర్నాడు అదే వాడలో తిరుగుతుంటే ప్రైవేటు సందుల్లోకి వస్తే 10,000 యెన్లు జరిమానా అని బోర్డు! గీషాలు అతిథుల్ని అలరించే టీ హౌస్, అదే ఓచాయాలోకి వెళ్దామంటే పరిచయస్తులు లేకపోతే రానివ్వరట. ఇంత పొగరైతే ఈ కళ ఎలా బతుకుతుంది? షోలే పెంచుకోవచ్చుగా?

జవాబు 1:
పొగరు కాదండీ, అప్పు ఖాతా. అక్కడ అతిథి జేబులోంచి డబ్బు తియ్యడు. బయటి నుంచి తెప్పించిన భోజనం, గెయికోల (క్యోటోలో గీషాలని అలా అంటారు) ఫీజు, ఒక్కోసారి ఇంటికెళ్ళే టాక్సీ కూడా ఓచాయా పెట్టుకుంటుంది, బిల్లు తర్వాత వస్తుంది. ముక్కూ మొహం తెలియని వాడికి అంత అప్పు ఎవరిస్తారు? తీసుకొచ్చినవాడే పూచీ. బోర్డంటారా, దారిన పోయే మైకోల (ఇంకా నేర్చుకుంటున్న అమ్మాయిల) వెంటపడి ఫొటోలు తీసినవాళ్ళ పుణ్యం అది.

ఇంకోటి, షోలు కొత్త మందేమీ కాదు. చక్రవర్తి టోక్యోకి తరలిపోయాక క్యోటో చితికిపోతుందని భయపడి 1872లో ఎగ్జిబిషన్ పెట్టారు, దాని కోసం మొదలైందే మీరు చూసిన మియాకో ఒదోరి.

జవాబు 2:
షో చూస్తే నాట్యం తెలుస్తుంది, గీషా పని తెలియదు. అసలు పనితనం ఆరేడుగురు కూర్చునే గదిలో ఉంటుంది. కొంపిరా ఫునెఫునె అనే ఆట ఉంది: మధ్యలో సాకే (బియ్యంతో చేసే మద్యం) సీసా పెట్టుకునే చిన్న గిన్నె, షమిసెన్ అనే మూడు తీగల వాద్యం తాళానికి ఇద్దరూ వంతులవారీగా దాని మీద అరచెయ్యి పెట్టాలి, ఎదుటివాళ్ళు గిన్నె లాగేస్తే పిడికిలి పెట్టాలి. పాట వేగం పెరిగేకొద్దీ పెద్దపెద్ద కంపెనీ డైరెక్టర్లు కూడా చిన్నపిల్లల్లా తడబడతారు. ఎదుటివాడు ఎంతవరకు తట్టుకోగలడో చూసి వేగం పెంచేది ఆ షమిసెన్ వాయించే పెద్దావిడ. ఆవిణ్ణి జికాత అంటారు. పోస్టర్ మీద మైకోనే వేస్తారు గానీ నన్నడిగితే ముందు కాపాడుకోవాల్సింది ఈవిడనే, ఆ చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది, ఆవిడ లేకపోతే నాట్యానికి పాటే లేదు.

జవాబు 3:
అందరూ క్యోటో దగ్గరే ఆగిపోయారు. నీగతా నగరంలో ఫురుమాచి అనే గీషా వాడ చూడండి. కొత్తగా చేరేవాళ్ళు లేక వాడ ఖాళీ అవుతుంటే స్థానిక కంపెనీలు తలా కొంత పెట్టుబడి పెట్టి 1987లో ర్యూతో షింకో అనే సంస్థ పెట్టాయి. అమ్మాయిలు అందులో ఉద్యోగులు, నెల జీతం. క్యోటోలో మైకోకి బట్టలు, తిండి, పాఠాలు అన్నీ ఒకియా (ఆమె ఉండే గీషా ఇల్లు) చూసుకుంటుంది గానీ జీతమంటూ ఉండదు. ఉద్యోగమైతే కళ పలచబడుతుందని గొణిగేవాళ్ళు ఉంటారు, కానీ నేర్పేది ఆ ఊరి ఇచియామా సంప్రదాయ నాట్యమే కదా. ఇంట్లోవాళ్ళకి చెప్పుకోగలిగే కొలువు అయితేనే పిల్లలు వస్తారు.

జవాబు 2:
ఒప్పుకుంటాను, కానీ జీతమిచ్చినంత మాత్రాన జికాత తయారవదు. ఆ పాఠాలకి విడిగా డబ్బు పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
పొగరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. వచ్చేసారి నీగతా. పిడికిలి పెట్టాల్సిన చోట అరచెయ్యి పెట్టి ఓడిపోతానని ఇప్పుడే తెలుస్తోంది, ఓడినందుకు తాగాల్సిన సాకేకి రెడీ.