కోషర్ ఇంట్లో వంట: ఇజ్రాయెల్‌కు కొత్తగా వచ్చిన చెల్లికి

నెతన్యా నుంచి ప్రశ్న

అక్కలకు, అన్నలకు నమస్తే. జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ ఒక సవ్తాను (అవ్వను) చూసుకునే పనిలో చేరి వారమైంది. వీళ్లు కోషర్, అంటే యూదుల తిండి నియమాలు, పాటిస్తారు. వంట కూడా నాదే. ఇంట్లో రెండు సింకులు, రెండు జతల గిన్నెలు ఉన్నాయి. వాళ్ల కూతురు గంటసేపు చెప్పింది గానీ హీబ్రూలో సగం నాకు ఎక్కలేదు. చికెన్ మన తీరుగనే పెరుగు పట్టించి వండొచ్చా? దేన్ని ముట్టుకుంటే తప్పవుతుందో చెప్పండి.

రమత్ గన్ నుంచి

పెరుగు వద్దు చెల్లీ. చికెన్‌లో పాలు, పెరుగు, వెన్న, మీగడ ఏవీ పడకూడదు. దించే ముందు చెంచాడు నెయ్యి కూడా వేయొద్దు. మాంసం వంటను బసరీ అంటారు, పాల వంటను హలవీ అంటారు, ఆ రెండు జతల గిన్నెలు, సింకులు ఈ రెండింటికి విడివిడిగా, రెండూ కానిది పర్వే. గుడ్లు, చేప, బియ్యం, పప్పులు, కూరగాయలు, నూనె పర్వే కిందికి వస్తాయి.

కిలో చికెన్‌కు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల నూనె, కారం, పసుపు పట్టించి అరగంట ఉంచు. రాత్రంతా నిమ్మరసంలో ఉంచితే ముక్క పైన పిండిపిండిగా అయిపోతుంది. చివర్లో 150 మిల్లీలీటర్ల కొబ్బరిపాలు పోస్తే గ్రేవీ చిక్కబడుతుంది. కొంకణ్ నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ యూదులు మాంసం కూరల్లో కొబ్బరిపాలే వాడుతారు. కానీ కొబ్బరిపాల పొడి కొంటే మాత్రం ప్యాకెట్ మీద పర్వే అని ఉందో లేదో చూడు. కొన్ని పొడుల్లో పాల ప్రొటీన్ కలుపుతారు.

ఉప్పు దగ్గర జాగ్రత్త. కోషర్ కోడిని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడిగి అమ్ముతారు. ముక్కలో ఉప్పు ముందే ఉంటుంది. మన కొలతలో సగం వేసి, ఉడికాక రుచి చూసి కలుపుకో. లివర్‌కు ఆ ఉప్పు సరిపోదు, రక్తం పోవడానికి దాన్ని నేరుగా మంట మీద కాల్చాలి. పచ్చి లివర్ తెచ్చి మూకుట్లో వేయించావంటే మూకుడు కూడా పోయినట్టే. కాల్చి అమ్మే లివరే కొను.

ఇక మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఉల్లిపాయ దగ్గర. ఘాటైన పదార్థం కత్తిలో ఇంకిన రుచిని లాగుతుందని వీళ్ల లెక్క. బసరీ కత్తితో కోసిన ఉల్లిపాయ చూడ్డానికి ఉల్లిపాయే, లెక్కకు మాత్రం బసరీ. దాన్ని వెన్నతో వేసే ఆమ్లెట్‌లో వేయలేవు. వెల్లుల్లి, ముల్లంగి కూడా అంతే. ఇంగువ సంగతి యూదుల పాత ధర్మగ్రంథం తల్ముద్‌లోనే ఉంది, హిల్తీత్ అంటారు. మన తాలింపు మొదలయ్యేదే వీటితో కదా, అందుకే ఒక కత్తి, ఒక పలక, ఒక మిక్సీ జార్ పర్వే కోసం విడిగా పెట్టమని అడుగు. చాలా ఇళ్లలో మాంసానికి ఎరుపు, పాలకు నీలం, పర్వేకు ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. గిన్నెలు తోమే స్పాంజీలకూ అదే రంగు.

ఇంకోటి, ఒలిచిన ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు రాత్రంతా నిలవుంటే కొందరు తినరు. అల్లం వెల్లుల్లి ముద్ద వారానికి సరిపడా నూరి పెట్టే అలవాటుంటే అందులో నూనె, ఉప్పు కలుపు. అట్లా కలిపితే చాలామందికి అభ్యంతరం ఉండదు.

అష్దోద్ నుంచి

అక్క గిన్నెల సంగతి చెప్పింది, నేను పొయ్యి సంగతి చెప్తా. అన్నం, మాంసం, గుడ్డు, ఆలుగడ్డ లాంటివి యూదులు కానివాళ్లు మొత్తం తామే వండితే, నియమం గట్టిగా పాటించేవాళ్లు తినరు. సవ్తా వాళ్లు పోలండ్, రొమేనియా వైపు నుంచి వచ్చిన అష్కెనజీలైతే, స్టవ్ ఆమె వెలిగించి నువ్వు గిన్నె పెడితే చాలు. మధ్యలో మంట ఆరిపోతే మళ్లీ ఆమెనే పిలువు. మొరాకో, ఇరాక్ వైపు సెఫార్దీలైతే అది చాలదు. గిన్నెను ఆమె మంట మీద పెట్టాలి, లేదా వంట కాస్త ఉడికే లోపే ఆమె చేత్తో ఒకసారి కలపాలి. సవ్తా మంచం మీదే ఉంటే ఏం చేయాలో రబ్బీని (వాళ్ల మతగురువును) అడగమని కూతురికి చెప్పు. నువ్వే ఏదో ఒకటి అనుకుని చేయకు. పచ్చిగా తినగలిగే క్యారెట్, ఆపిల్ లాంటివి వండడానికి ఈ గొడవ లేదు.

వైన్ సీసా మూత తీయడం, గ్లాసులో పోయడం నీ పని కాదు. సీసా మీద మెవుషాల్ (ముందే కాచింది) అని ఉంటే ఫర్వాలేదు, లేకపోతే నువ్వు పోసిన వైన్ వాళ్లు తాగరు. కోపం నీ మీద కాదు, నియమం అది.

గుడ్లు ఒక్కోటి విడిగా గాజు గ్లాసులో కొట్టు. రక్తపు చుక్క కనిపిస్తే ఆ గుడ్డు పారేసి గ్లాసు కడుగు. నేరుగా మూకుట్లో కొడితే అప్పటిదాకా కొట్టినవన్నీ పోతాయి. ఆకుకూరల్లో చిన్న పురుగు కూడా ఉండకూడదు. కొత్తిమీర వేళ్లు తీసేసి, గిన్నెడు నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు కలిపి ఐదు నిమిషాలు ముంచు, తర్వాత కుళాయి కింద ఆకు రెండువైపులా కడుగు. బియ్యం ఏరడం మనకు కొత్త కాదు గానీ ఇక్కడ చాటకు బదులు తెల్ల పళ్లెం వాడు, పురుగు బాగా కనిపిస్తుంది.

హైఫా నుంచి

నీ సొంత తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చిన ఎండు రొయ్యలు వాళ్ల వంటింట్లోకి తేవద్దు. పొలుసూ రెక్కా రెండూ ఉన్న చేపే కోషర్, అందుకే వాలుగ, రొయ్య, పీత కుదరవు. తిలాపియా, కార్ప్ దొరుకుతాయి, పులుసుకు కార్ప్ బాగుంటుంది. చేపనూ మాంసాన్నీ ఒకే గిన్నెలో వండకు. ఆవకాయ సీసా మీద కోషర్ ముద్ర ఉండదు కాబట్టి నీ గదిలోనే పెట్టుకో, వాళ్ల చెంచా అందులో పెట్టకు. వాళ్లు ఒప్పుకుంటే ఒక చిన్న కరెంటు పొయ్యి, ఒక గిన్నె, ఒక పళ్లెం నీవిగా ఉంచుకో. అన్ని గొడవలకూ అదొక్కటే మందు. కందిపప్పు, చింతపండు కావాలంటే భారతీయ యూదులు ఎక్కువగా ఉండే రామ్లా, దిమోనా వైపు దుకాణాల్లో చూడు.

శుక్రవారం పొద్దు గూకితే వాళ్ల విశ్రాంతి రోజు షబ్బాత్ మొదలవుతుంది, అప్పుడు వంట చేయరు, లైటు వెలిగించరు. అందుకే ఆ లోపే వంట అంతా అయిపోవాలి, ప్లాటా అంటే వేడి పలక ప్లగ్ పెట్టి ఉండాలి. ఫ్రిజ్‌లో లైటు వెలగకుండా ముందే చూసుకో. రాత్రంతా ప్లాటా మీద మెల్లగా ఉడికే హమీన్ అనే గింజల వంటలో గింజల మీద రెండు వేళ్ల మందం నీళ్లు నిలవాలి. తక్కువైతే తెల్లారేసరికి అడుగంటుతుంది, అప్పుడు నీళ్లు పోయమని ఎవరూ నీకు చెప్పలేరు.

నెతన్యా నుంచి

చాలా థాంక్స్. నిన్న వేడి చికెన్ సూప్‌ను హలవీ చెంచాతో కలిపిన. భయమై కడిగి లోపల పెట్టేసిన. ఇప్పుడెట్లా?

అష్దోద్ నుంచి

దాచకు. దాస్తే సొరుగులో మిగతా చెంచాల మీద కూడా అనుమానం వస్తుంది. ఆ చెంచా గుర్తుపట్టి విడిగా తీయి. రబ్బీ నాలుగు సంగతులు అడుగుతాడు: సూప్ చేయి కాలేంత వేడిగా ఉందా, సుమారు ఎంత సూప్, చెంచా స్టీలుదా చెక్కదా, అంతకు ముందు 24 గంటల్లో దాన్ని వేడి పాలల్లో వాడారా. ఇవి కాగితం మీద రాసుకుని కూతురికి ఫోన్ చెయ్. జవాబు వచ్చేదాకా ఆ సూప్ సవ్తాకు పెట్టకు, పారబోయకు కూడా.