కొత్త బ్యాటరీ కూడా దిగిపోతోంది: లోపం బ్యాటరీలోనా, ఛార్జింగ్‌లోనా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

నమస్కారం. నా దగ్గర 2018లో కొన్న 150 సీసీ బండి ఉంది. కార్బ్యురేటర్ బండి, సెల్ఫ్‌తో పాటు కిక్ కూడా ఉంది. గత వేసవిలో పాత బ్యాటరీ పూర్తిగా చెడిపోతే 9 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ కొత్తది వేయించాను. ఏడాది తిరగకుండానే మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. ఉదయం సెల్ఫ్ నొక్కితే ఇంజన్ తిరగదు, లోపల రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) టకటకమని కొట్టుకుంటుంది, మీటరులోని లైట్లు మసకబారతాయి. కిక్ కొడితే మాత్రం వెంటనే స్టార్ట్ అవుతుంది. అరగంట నడిపిన తరువాత సెల్ఫ్ ఒకటి రెండు సార్లు పనిచేస్తుంది, మరుసటి ఉదయానికి మళ్లీ మామూలే.

బ్యాటరీ అమ్మిన దుకాణంవారు బ్యాటరీలో లోపం లేదని, బండిలోనే ఛార్జింగ్ సరిగ్గా రావడం లేదని అంటున్నారు. మా వీధిలోని మెకానిక్ మాగ్నెట్ కాయిల్ పోయిందని, మార్చక తప్పదని అంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ మీటరు పెట్టి చూడలేదు. అందుకే నేనే ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొని చూశాను. ఉదయం స్టార్ట్ చేయకముందు బ్యాటరీ మీద 12.1 ఓల్టులు ఉంది, బాగా రేస్ ఇచ్చినప్పుడు 13.1 దాకా వచ్చి ఆగుతోంది. దొంగల భయంతో బ్యాటరీకి నేరుగా కలిపి ఒక జీపీఎస్ ట్రాకర్ బిగించుకున్న సంగతి కూడా చెప్పాలి. ఏ భాగం మీదనైనా డబ్బు పెట్టే ముందు ఏయే కొలతలు ఏ వరుసలో చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (విజయవాడ నుంచి)

మీరు చెప్పిన లక్షణాలకు మూడు దారులున్నాయి. బ్యాటరీ ఛార్జిని నిలుపుకోలేకపోవచ్చు, నడిచేటప్పుడు చాలినంత ఛార్జింగ్ అందకపోవచ్చు, లేదా బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎక్కడో కారిపోతూ ఉండవచ్చు. వీటిలో రెండు కలిసి రావడం కూడా మామూలే కాబట్టి, ఒక లోపం దొరకగానే వెతకడం ఆపవద్దు.

ముందుగా బ్యాటరీని బయటికి తీసి ఛార్జర్ మీద పూర్తిగా ఎక్కించండి. తీసేటప్పుడు నెగటివ్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఈ వరుస తప్పి పాజిటివ్ మీద ఉన్న స్పానర్ ఛాసిస్‌కు తగిలితే నేరుగా షార్ట్ అవుతుంది. మీ బ్యాటరీకి ఒక ఆంపియరుకు మించకుండా ఇచ్చే, నిండగానే తనంతట తాను ఆగే చిన్న ఛార్జర్ సరిపోతుంది. కారు బ్యాటరీల పెద్ద ఛార్జర్ మీద గంటలో ఎక్కించి ఇచ్చే చోట దీన్ని ఇవ్వవద్దు. ఛార్జర్ తీసిన వెంటనే మీటరు చూపే అంకె ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, అందువల్ల కొన్ని గంటలు ఊరికే ఉంచి అప్పుడు కొలవండి. 12.6కు పైన ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర ఉంటే సగం ఉన్నట్టు లెక్క, కాబట్టి మీ 12.1 సగానికి దిగువే. ఎంత ఎక్కించినా 10.5 దగ్గరే ఆగిపోతే లోపలి ఆరు సెల్లులలో ఒకటి పోయిందని అర్థం.

అయితే ఏ భారమూ లేనప్పుడు ఓల్టేజి బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. మీటరు తీగలు టెర్మినళ్ల మీదే ఉంచి సెల్ఫ్ నొక్కమని ఇంకొకరికి చెప్పండి. ఇంజన్ తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో ఓల్టేజి 9.6 కంటే దిగకూడదు. నిండిన బ్యాటరీ కూడా ఏడుకో ఎనిమిదికో పడిపోతుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుపోయి దాని పని అయిపోయినట్టే. ఓల్టేజి అసలు కదలకుండా టక్‌మన్న శబ్దం మాత్రమే వస్తే రిలే కాంటాక్టులను అనుమానించాలి.

బ్యాటరీ ఇందులో నెగ్గితే ఛార్జింగ్ సంగతి చూడండి. 4000 నుంచి 5000 ఆర్‌పీఎం మధ్య టెర్మినళ్ల మీద దాదాపు 13.8 నుంచి 14.5 ఓల్టులు రావాలి. 15 దాటితే ఓల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పిందని, త్వరలోనే బ్యాటరీ ఉబ్బుతుందని తెలుసుకోవాలి. తక్కువ వస్తే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే స్టేటర్, అంటే మీ మెకానిక్ చెప్పే మాగ్నెట్ కాయిల్, దాని తరువాత ఆ ఏసీని డీసీగా మార్చే రెగ్యులేటర్ రెక్టిఫయర్, ఆ రెంటినీ బ్యాటరీతో కలిపే వైరింగ్, ఈ మూడింటిలో ఒకచోట లోపం ఉంటుంది.

స్టేటర్ నుంచి వచ్చే వైర్ల కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) ఊడదీయండి. మూడు వైర్లుంటే, అవి సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి, మీటరును ఏసీ ఓల్టుల మీద పెట్టి, ఇంజన్‌కు ఒకే రేస్ ఇస్తూ రెండేసి వైర్ల మధ్య కొలవండి. ఎంత వచ్చిందన్నది బండిని బట్టి మారుతుంది, మూడు జతలకూ ఇంచుమించు ఒకే అంకె రావడం ముఖ్యం. తరువాత ఇంజన్ ఆపి, ఒక్కొక్క వైరుకూ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యూటీ, అంటే కరెంటుకు దారి ఉందో లేదో, చూడండి. మీటరు కూత పెడితే కాయిల్ ఎర్త్ అయిందని, అంటే ఇంజన్ బాడీకి తగులుతోందని అర్థం. కాయిల్ ఓమ్స్ కొలిచి తీర్పు చెప్పడం మాత్రం చౌక మీటరుతో కుదరదు, ఎందుకంటే కాయిల్ రెసిస్టెన్స్ ఒక ఓమ్‌కు లోపే ఉంటుంది, మీటరు తీగల రెసిస్టెన్సే అందులో సగం దాకా ఉండవచ్చు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేయదలచాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి, బండి ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టేనని తేల్చే అలవాటు చాలా షెడ్లలో ఇంకా ఉంది. దయచేసి మీ బండి మీద ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. బ్యాటరీ లేనప్పుడు వైరింగ్‌లో ఓల్టేజి ఒక్కసారిగా ఎగసి మీటర్ కన్సోల్, సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) వంటివి కాలిపోవచ్చు. 2020 తరువాత వచ్చిన ఇంజెక్షన్ బండ్లలో అయితే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకే ముప్పు.

మీ 13.1 గురించి కూడా తొందరపడకండి. సగానికి దిగిన బ్యాటరీ కరెంటును ఎక్కువగా లాగుతుంది కాబట్టి, ఛార్జింగ్ అంతా సవ్యంగా ఉన్నా మొదట్లో ఓల్టేజి తక్కువగా కనబడవచ్చు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఆ భారం కూడా ఉంది. నిండిన బ్యాటరీతో కొలిచినప్పుడు కూడా 13.1 దగ్గరే ఆగితే అప్పుడు అది లోపం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పిన వరుసలోనే చూశాను. పూర్తిగా ఎక్కించి ఉంచిన బ్యాటరీ 12.7 చూపింది, సెల్ఫ్ నొక్కినప్పుడు 10.6 వరకే దిగి ఇంజన్ చురుగ్గా తిరిగింది. ఆ బ్యాటరీతోనే రేస్ ఇచ్చి చూస్తే మళ్లీ 13.1 మాత్రమే వచ్చింది. కాయిల్ మూడు జతల మధ్య దాదాపు సమానంగా 60 ఏసీ ఓల్టులు వచ్చాయి, ఎర్త్ కూత ఎక్కడా లేదు. అంటే రెక్టిఫయర్ మార్చుకోవలసిందేనా?

జవాబు (విజయవాడ నుంచి)

ఇంకొక్క కొలత మిగిలి ఉంది, అది చూడకుండా రెక్టిఫయర్ కొనవద్దు. కాయిల్ నిర్దోషి అని మాత్రం ఇప్పటికే తేలిపోయింది. కప్లర్లన్నీ మళ్లీ కలిపి, ఇంజన్‌ను అదే రేస్‌లో ఉంచి, మీటరును డీసీ మీద పెట్టండి. ఒక తీగను రెక్టిఫయర్ నుంచి బయటికి వచ్చే పాజిటివ్ వైరు దగ్గర, కప్లర్ వెనుక నుంచి తాకేలా గుచ్చండి, రెండో తీగను బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. మీటరు చూపేది ఈ రెండు చోట్లకూ మధ్య దారిలో పోతున్న ఓల్టేజి. అది 0.2 లోపు ఉంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. అదే విధంగా రెక్టిఫయర్ నెగటివ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా చూడండి. వానలో తడిసి, ఇంజన్ వేడికి ఎండే ఆ కప్లర్లలో పచ్చటి చిలుము పట్టి, పిన్ను వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారడం మన దగ్గర చాలా బండ్లలో కనిపించేదే.

ప్రశ్న అడిగినవారు

పాజిటివ్ వైపు 1.1 ఓల్టులు చూపింది, నెగటివ్ వైపు దాదాపు ఏమీ లేదు. కప్లర్ ఊడదీసి చూస్తే ఎరుపు వైరు పిన్ను నల్లబడి ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి వంకరపోయింది. మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి నెగటివ్ వైరుకు మధ్యలో కలిపి, తాళంచెవి తీసేసి కూడా చూశాను. ట్రాకర్ ఉన్నప్పుడు 38 మిల్లీ ఆంపియర్లు, ఊడదీస్తే 2.

జవాబు (హైదరాబాద్ నుంచి)

అయితే దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతోంది. రెక్టిఫయర్ తన దగ్గర 14.2 ఇస్తున్నా బ్యాటరీకి చేరేసరికి 13.1 అవుతోంది, ఆ ఓల్టేజితో బ్యాటరీ ఎంత నడిపినా పూర్తిగా నిండదు. మరోవైపు 38 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 0.9 ఆంపియర్ అవర్ చొప్పున, అంటే మీ బ్యాటరీలో పదో వంతు, బండి కదలకపోయినా ఖర్చవుతోంది. 2 మిల్లీ ఆంపియర్లు గడియారం వంటి వాటికి పోయేవే కాబట్టి వాటిని పట్టించుకోనక్కర లేదు.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కాలిన భాగం కత్తిరించి, అదే మందం వైరుతో కొత్త కప్లర్ పిన్నులు క్రింప్ చేయించండి (అంటే పనిముట్టుతో నొక్కి బిగించడం). వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం ఒప్పుకోకండి, ఆ అతుకే రేపు మళ్లీ వేడెక్కుతుంది. పని అయ్యాక అక్కడే మీటరు పెట్టించి, పాజిటివ్ వైపు నష్టం 0.2 లోపుకు వచ్చిందో లేదో, బ్యాటరీ మీద 14 దాకా వస్తోందో లేదో చూశాకే డబ్బులివ్వండి.

ట్రాకర్‌ను తాళం స్విచ్చుకు కలిపితే కరెంటు కారడం ఆగుతుంది గానీ, తాళంచెవి తీసేసిన బండిని ఎవరైనా తోసుకుపోతే అది పనిచేయదు, మీరు పెట్టుకున్న ఉద్దేశమే పోతుంది. బండి ఆగగానే నిద్రలోకి పోయే సెట్టింగ్ అందులో ఉందేమో ముందు చూడండి. లేకపోతే రోజూ నడిపే బండికి దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. ఊరికి వెళ్లి వారం పది రోజులు బండి ఆపేటప్పుడు మాత్రం చిన్న ఛార్జర్‌కు తగిలించి వెళ్లండి, ఎందుకంటే అన్ని రోజులకు ట్రాకర్ ఒక్కటే ఈ బ్యాటరీని పూర్తిగా దింపేయగలదు, అలా అట్టడుగుకు దిగిన బ్యాటరీ తిరిగి పూర్తి సామర్థ్యానికి రావడం కష్టం.