పొట్టి డొమైన్ పేర్లలో వై అచ్చా, హల్లా?

పొట్టిపేరు:
నాలుగక్షరాల డాట్ కామ్ ఒకటి కొన్నాను. అమ్మినవాళ్లు సీవీసీవీ అని రాశారు, అంటే హల్లు, అచ్చు, హల్లు, అచ్చు. రెండో అక్షరం వై. ఇప్పుడు నేను అమ్మకానికి పెడితే, ఒకాయన "ఇందులో అచ్చు ఒక్కటేనండీ, సీవీసీవీ ధర ఇవ్వలేను" అని వెళ్లిపోయారు. మీరు వైని ఎందులో లెక్కేస్తారు? రెన్యువల్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

అంతస్థం:
ఎక్కడుందో చూసి చెప్పాలండీ. జిమ్, స్కై అనే మాటల స్పెల్లింగ్‌లో వై తప్ప వేరే అచ్చే లేదు. దాన్ని హల్లంటే ఇక పలికేదేముంది? యెస్‌లో మాత్రం మొదట్లో వచ్చి హల్లు పని చేస్తోంది. మనకిది కొత్త కాదు, అతి, అంత కలిస్తే అత్యంత. ఇకారం పోయి య వచ్చింది. ఆ రెండూ అంత దగ్గరి చుట్టాలు.

లెక్కలపిచ్చి:
పలకడం సరే, ధర కొరతను బట్టి ఉంటుంది. అచ్చులు ఐదే అనుకుంటే సీవీసీవీ పేర్లు 21×5×21×5, మొత్తం 11,025. వైని హల్లుల్లోంచి తీసి అచ్చుల్లో వేస్తే 20×6×20×6, అంటే 14,400. రెండు వైపులా ఒప్పుకుంటే 15,876కి పోతుంది. ఆ ఐదు అచ్చులతోనే కుదిరిన పేర్లు దగ్గరున్నవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు చెప్పండి! నేనైతే వై ఉన్నవాటిని విడిగా రాసుకుంటాను.

మూడక్షరాలు:
చైనా కొనుగోలుదార్ల పద్ధతి వేరు. 2015లో పొట్టి పేర్లకు గిరాకీ పెరిగినప్పుడు వాళ్లు ఏ, ఈ, ఐ, ఓ, యూలతో పాటు వీ కూడా లేనివే కోరుకున్నారు. అక్షరాలను పిన్యిన్ (చైనా భాషను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి) మాటల మొదటి అక్షరాలుగా చూస్తారు. వైతో మొదలయ్యేవి అక్కడ బోలెడు, కాబట్టి వాళ్లకు వై మంచి హల్లే. మీ పేరులో చివర అచ్చుంది కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు.

పొట్టిపేరు:
ఇంకో సంగతి చెప్పాలి. పేరు మొత్తం చెప్పను, మొదటి రెండక్షరాలు ఎన్, వై. ఫోన్‌లో నేను "నై" అని పలికాను. ఆయన ఎన్, ఐ అని కొట్టి, వేరేవాళ్ల సైట్ తెరుచుకుందన్నారు. అక్షరాలు విడివిడిగా చెప్పాక, "అయితే దీన్ని ని అనాలేమో" అన్నారు. ఒక్క వైతో రెండు తికమకలు.

అంతస్థం:
అసలు బేరం అక్కడే పోయింది. చెవితో విని సరిగ్గా టైప్ చేయగలగాలి, రేడియో టెస్ట్ అనేది అదే. లిఫ్ట్ అనే క్యాబ్ కంపెనీ ఐ ఉండాల్సిన చోట వై పెట్టుకుంది. అంత పెద్ద కంపెనీ కాబట్టి స్పెల్లింగ్ అందరికీ అలవాటు చేయగలిగింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది అదనపు ఖర్చు.

లెక్కలపిచ్చి:
అమ్మకం పేజీలో "రెండో అక్షరం వై, నై అని పలకాలి" అని ముందే రాసేయండి. సీవీసీవీ అన్న మాట తీసేయండి.

పొట్టిపేరు:
మార్చానండీ. ధర కూడా కాస్త తగ్గించి, ఇంకో ఏడాదికి రెన్యూ చేశాను.