రోజుకు రూ.500 మనమే కట్టి అడవిలో చెట్లు కొలవాలా?

లత (నంద్యాల వైపు):
అందరికీ నమస్కారం. బీఎస్సీ బోటనీ రెండో ఏడాది అయిపోతోంది. వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా. ఒక స్వచ్ఛంద సంస్థ నల్లమలలో చెట్ల సర్వేకి రమ్మంది. స్టైపెండ్ లేదు. పైగా భోజనం, వసతికి రోజుకు రూ.500 మేమే కట్టాలట. అంటే మొత్తం ముప్పై వేలు. సర్టిఫికెట్ పీజీలో పనికొస్తుంది పొమ్మని సీనియర్ అక్క అంటోంది. నాన్నేమో "చదువు చెప్పేవాళ్లయితే ఫీజు అడగాలి, పని చేయించుకునేవాళ్లయితే కూలి ఇవ్వాలి, వీళ్లు ఏ రకం?" అంటున్నారు. మీరేమంటారు?

బోటనీ మాస్టారు:
వెళ్లమ్మా. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినవాడిగా అంటున్నాను. కాలేజీలో హెర్బేరియం షీటు మీద ఎండిన ఆకు చూసి పేరు చెప్పేవాళ్లు అడవికి పోతే తెల్లమొహం వేస్తారు. మే నెలలో నల్లమలలో సగం చెట్లకి ఆకే ఉండదు. బెరడు చూసి చెప్పాలి. నల్లమద్దిది మొసలి వీపులా పగుళ్లు, చిరుమానుది బూడిదరంగు నునుపు, తబసిది దూరానికే తెల్లగా మెరుస్తుంది. ఈ చూపు ఏ పుస్తకమూ ఇవ్వదు. ఇక డబ్బంటారా, చిన్న సంస్థలకి ఎక్కడినుంచి వస్తుంది? మా రోజుల్లో సొంత ఖర్చుతోనే తిరిగాం.

ప్లాట్ తమ్ముడు:
మాస్టారూ, బెరడు సంగతి వందకి వంద నిజం. "మా రోజుల్లో" దగ్గరే నాకు పేచీ. నేను ఇలాంటి చెట్ల కొలత ప్రాజెక్టులోనే ఫీల్డ్ అసిస్టెంట్‌ని. నా బాధ డబ్బు ఒక్కటే కాదు, కొలత.

ఏటా కొత్త పిల్లలొస్తారు. ఒక పూట ట్రైనింగ్, చేతికి టేపు. చెట్టు చుట్టుకొలత తీసేది ఛాతీ ఎత్తులో. అది ఫారెస్టు వాళ్లకి నేల నుంచి 1.37 మీటర్లు, ఎకాలజీ వాళ్లకి 1.3. ఎవరి లెక్కన కొలవాలో కూడా చెప్పకుండా పంపేస్తారు. ఎండ నెత్తికెక్కాక టేపు వెనకవైపు జారినా ఎవరూ చూడరు. ఏటవాలుగా చుట్టిన టేపు చుట్టుకొలత ఎక్కువ చూపిస్తుంది. మరుసటిసారి వచ్చినవాడు సరిగ్గా చుడితే, కాగితం మీద చెట్టు సన్నబడిపోతుంది! చెట్టులో ఎంత కార్బన్ ఉందో లెక్క కట్టేది ఈ చుట్టుకొలత మీదే. ఇక్కడ 5 శాతం తప్పు అక్కడ 10 శాతం దాటుతుంది.

తమిళనాడులోని ముదుమలై అడవిలో చెట్లని మళ్లీ మళ్లీ కొలిచే 50 హెక్టార్ల ప్లాటు 1988 నుంచి నడుస్తోంది. అన్నేళ్ల లెక్కకి విలువ ఎందుకొచ్చిందంటే పని తెలిసిన చేతులు ఉన్నాయి కాబట్టి. ఊరికే వచ్చేవాళ్ల మీద నడిపే సర్వేలో ఆ చేతులు నిలవవు. మీ సంస్థ దారి చూపించే చెంచు పెద్దాయనకైనా కూలి ఇస్తోందా, అడుగు చెల్లీ. అక్కడా ఎగ్గొడుతుంటే ఇంకేం ఆలోచించకు.

డెన్వర్ సుధ:
ఇక్కడ అమెరికాలో ఆర్‌ఈయూ అని ఎన్ఎస్ఎఫ్ (ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ) కార్యక్రమం ఉంది. డిగ్రీ పిల్లలకి వేసవిలో స్టైపెండ్ ఇచ్చి ఫీల్డ్ స్టేషన్లకి, అంటే బయట ప్రకృతిలోనే ఉండే పరిశోధన కేంద్రాలకి తీసుకుంటారు. అలాగని అదేదో స్వర్గం అనుకోకండి. ఆ డబ్బు పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకే. ఎఫ్‌1 వీసా మీద వచ్చిన మన పిల్లలకి రాదు.

కానీ నాకు తట్టింది వేరే. మా కొలరాడో కొండల్లో గోథిక్ అనే చోట 1928 నుంచి ఫీల్డ్ స్టేషన్ ఉంది. 1973 నుంచి అవే గడుల్లో పూలు లెక్కపెడుతున్నారు. అక్కడ మంచు కరిగి పూలు వచ్చేదే వేసవిలో. మన దగ్గర గడ్డీ చిన్న మొక్కలూ లేచేది తొలకరి తర్వాత. మేలో అడవికి పోతే సగం మొక్కల జాతులు నేలలోపలే ఉంటాయి. వేసవి ఇంటర్న్‌షిప్ మన మొక్కలకి కుదిరే కాలమేనా?

బోటనీ మాస్టారు:
బాగుందమ్మా, ఆగస్టులో పిల్లల్ని అడవికి పంపితే సెమిస్టర్ పరీక్షలు ఎవరు రాస్తారు? అప్పటి వాగులు దాటి చూశారా? చెట్ల సర్వేకి గడ్డితో పని లేదు. పైగా ఏ చెట్టు ఎప్పుడు చిగురేస్తుందో, ఏ మొదలు నిప్పు తిన్నదో కనిపించేది ఎండాకాలంలోనే.

ప్లాట్ తమ్ముడు:
నిప్పు సంగతి ఒప్పుకుంటా. అయినా ముప్పై వేలు ఎందుకో చెప్పలేదు మీరు.

శ్రీదేవి (గుంటూరు):
కాలం గొడవ తర్వాత. లతా, ముందు పర్మిషన్ కాగితం చూపించమను. నల్లమల టైగర్ రిజర్వు. అభయారణ్యంలో పరిశోధనకి 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి ఉండాలి. ఆ కాగితంలో నీ పేరు ఉందా చూడు. లేకపోతే చెక్‌పోస్టు దగ్గర ఆపితే సంస్థ వాళ్లు తప్పుకుంటారు, నువ్వు నిలబడతావు. తర్వాత ఇన్సూరెన్స్, ఆడపిల్లల బస, బాత్రూం, దగ్గర్లో ఆసుపత్రి. పదకొండు దాటాక ఎండలో ఉంచుతారా? అన్నీ మెయిల్‌లో రాయించుకో, ఫోన్లో చెప్పింది లెక్కకి రాదు.

వచ్చే ఏడాదికైతే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి పెట్టుకో. రెండు నెలలు, స్టైపెండ్ ఇస్తారు. వేసవికి చాలా ముందే గడువు ముగుస్తుంది, చూసుకో.

లత:
థాంక్యూ అక్కా. మెయిల్ పెట్టాను. చెంచు గైడుకి రోజుకూలి ఇస్తారట. పర్మిషన్ "ప్రాసెస్‌లో ఉంది, మీరు డబ్బు కట్టేయండి, వచ్చేలోపు వచ్చేస్తుంది" అన్నారు. ఇన్సూరెన్స్ సంగతికి జవాబే లేదు.

ప్లాట్ తమ్ముడు:
కూలి ఇవ్వడానికి డబ్బుందన్నమాట, నీ అన్నానికే లేదు.

బోటనీ మాస్టారు:
అనుమతి రాకుండా పైసా కట్టొద్దమ్మా. వచ్చాక మాత్రం వెళ్లమనే అంటాను, డబ్బు తగ్గించమని గట్టిగా అడుగు.

శ్రీదేవి (గుంటూరు):
తగ్గించడం ఏంటి మాస్టారూ, కొలిచేది వాళ్ల ప్రాజెక్టుకి!