టచ్ ప్యానెల్ ఉంది, క్లాసు మాత్రం సినిమా హాలే

ఫిజిక్స్ టీచర్, చీపురుపల్లి దగ్గర:
మా హైస్కూల్లో టచ్ ప్యానెల్ ఉంది. పాఠం వీడియో పెడితే పదో తరగతి గుంటలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆపి ప్రశ్న వేస్తే ముందు బెంచీవాళ్లే చెయ్యెత్తుతారు. వెనక బెంచీలని కదిపే మార్గం చెప్పండి. పిల్లల దగ్గర ఫోన్లు లేవు, నెట్ అంతంతమాత్రం.

లెక్కల టీచర్, టెక్కలి:
మాస్టారూ, ప్లికర్స్ అనే యాప్ చూడండి. ఒక్కొక్కరికీ ఒక కాగితం కార్డు. ఎ, బి, సి, డిలలో తమ జవాబు పైకొచ్చేలా తిప్పి పట్టుకుంటారు. ఆ యాప్ తెరిచి మీ ఫోన్ కెమెరాని క్లాసంతా తిప్పితే ఎవరిది ఏ జవాబో తెలిసిపోద్ది. ప్రతి కార్డు బొమ్మా వేరు, అక్షరాలు సన్నం, కాపీ కొట్టడం కష్టమే. మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడితే కెమెరా చదవదు. మందపాటి అట్టకి అంటించండి.

సైన్స్ టీచర్, విజయనగరం:
కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, ఉచితం. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే నెట్ అక్కర్లేదు. వాటిలో సర్క్యూట్ కిట్ ఉంది, అందులో సిరీస్‌లో రెండో బల్బు కలిపితే ఏమవుద్దో ముందు అందరిచేతా నోటుబుక్కులో రాయించండి. తర్వాతే వెనక బెంచీ పిల్లని పిలిచి ప్యానెల్ మీద వైరు కలపమనండి. రెండూ మసకబారగానే గోల మొదలవుద్ది, ఆ గోల ఆపకండి. ప్యారలల్ మర్నాటికి ఉంచండి.

ఫిజిక్స్ టీచర్:
బావుంది మేడమ్, ముందు రాయించడం నాకు తట్టలేదు. మరి కరెంటు పోతే?

లెక్కల టీచర్:
సుద్దముక్క ఉంది కదా మాస్టారూ!